కొత్త ప్రాసెసర్ కోసం ఆగాలా, ఇప్పుడే కొనేయాలా?

డెస్క్‌టాప్ కట్టుకోవాలనుకునే ఎవరినైనా కదిపి చూడండి. "కొనాలనే ఉంది గానీ, కొత్త చిప్‌లు వస్తున్నాయట కదా..." అంటూ నసుగుతారు. ఈ మాట నేను 2006 నుంచీ వింటున్నాను. నేనూ చాలాసార్లు అన్నాను. అప్పట్లో రెండు కోర్ల (ప్రాసెసర్‌లో అసలు పని చేసే భాగాల) కోసం ఆగాం. ఆ తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు. ఇప్పుడు యాభై రెండట.

ఈసారి అందరి కళ్లూ రెండు పేర్ల మీద ఉన్నాయి. ఒకటి ఇంటెల్ నోవా లేక్. 2026 చివరికి తెస్తామని ఆ సంస్థే చెప్పింది. రెండోది ఏఎండీ జెన్ 6. ఆ తరం సర్వర్ చిప్ 'వెనిస్'ను తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ దగ్గర 2 నానోమీటర్ పద్ధతిలో చేయిస్తున్నట్టు 2025 ఏప్రిల్‌లో ఏఎండీ ప్రకటించింది. డెస్క్‌టాప్ కొనుక్కునేవాడికి పనికొచ్చేలా అధికారికంగా తెలిసింది ఇంచుమించు ఇంతే. నోవా లేక్‌లో 52 కోర్లనీ, జెన్ 6లో ఒక్కో చిప్లెట్‌కు (ప్రాసెసర్‌లోని ఒక్కో చిన్న సిలికాన్ ముక్కకు) 12 కోర్లనీ తిరుగుతున్నవన్నీ లీకులు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా బయటికి రాని చిప్‌కి అప్పుడే బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) స్కోర్లు కూడా వేసేస్తున్నారు.

లీకులు చదవొద్దని అనను, నేనూ సరదాగా చదువుతాను. కానీ కొనే నిర్ణయం వాటి మీద పెట్టుకుంటే నీళ్లలో ఉన్న గేదెకు బేరమాడినట్టే. అందుకే ఈ పోలికలో అమ్మకంలో ఉన్న చిప్‌లను ఒక పక్కన, రాబోయేవాటిని మరో పక్కన పెట్టాను. రెండింటినీ ఒకే పట్టికలోకి ఎక్కించలేదు.

ఇంతకుముందు ఆగినవాళ్లకు ఏం దక్కింది?

2005లో ఇంటెల్ పెంటియం డి, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 రెండూ రెండేసి కోర్లతో వచ్చాయి. "ఇంకో ఏడాది ఆగుదాం" అనుకున్నవాళ్లకు 2006 జూలైలో ఇంటెల్ కోర్ 2 డుయో దొరికింది. అందులోనూ కోర్లు రెండే. గిగాహెర్ట్జ్ అంకె (క్లాక్ వేగం) పెంటియం డి కంటే తక్కువ. అయినా వేగంలో దాన్ని దాటేసింది, వేడి కూడా బాగా తగ్గింది. ఆగినవాడి పంట పండింది.

దానికి ఏఎండీ జవాబుగా ఫెనామ్ వస్తుందని మరికొందరు ఆగారు. నాలుగు కోర్లూ ఒకే సిలికాన్ ముక్క మీద అన్నారు. 2007 నవంబరులో అది టీఎల్‌బీ (మెమరీ చిరునామాలను గుర్తుంచుకునే భాగం) లోపంతో వచ్చింది. ఆ లోపాన్ని కప్పడానికి ఇచ్చిన బయోస్ (మదర్‌బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేసుకుంటే వేగం పడిపోయేది, వేసుకోకపోతే సిస్టమ్ ఎక్కడ ఆగిపోతుందోనని భయం. సరిచేసిన చిప్‌లు చేతికి వచ్చేసరికి 2008 వచ్చేసింది.

ఇక 2011 అక్టోబరు. ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8150, బుల్డోజర్. ఎనిమిది కోర్లన్న మాట వినగానే చాలామంది ఇంకేమీ చూడకుండా మదర్‌బోర్డు ముందే కొనేసుకున్నారు. తీరా చూస్తే అందులో రెండేసి కోర్లకు కలిపి ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (దశాంశ లెక్కలు చేసే భాగం). చాలా పనుల్లో తన ముందు తరం ఆరు కోర్ల ఫెనామ్ 2 చేతిలోనే ఓడిపోయింది. కొండంత రాగం తీసిన చోట పాట రాలేదు.

2017 మార్చిలో ఏఎండీ రైజెన్ మాత్రం ఆగినవాళ్లను నిలబెట్టింది. అప్పటికి ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్‌ల్లో నాలుగు కోర్ల దగ్గరే ఏళ్లతరబడి కూర్చుంది. ఏఎండీ ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఇచ్చేసరికి అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ కూడా ఆరుకు వెళ్లక తప్పలేదు. 2020 నవంబరులో వచ్చిన జెన్ 3 తరం రైజెన్ చిప్ చాలా బాగుంది, కానీ నెలలపాటు దొరకలేదు. 2024 ఆగస్టులో రైజెన్ 9000 వచ్చినప్పుడు గేమ్స్ ఆడేవాళ్లు "ముందు తరానికీ దీనికీ తేడా ఏది?" అన్నారు. అదే అక్టోబరులో ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ కరెంటు వాడకం తగ్గించుకుని వచ్చింది గానీ, చాలా గేమ్స్‌లో సొంత పాత చిప్ 14900కె కంటే వెనకబడింది.

అంటే ఎదురుచూపు కొన్నిసార్లు గెలిచింది, ఎక్కువసార్లు ఓడింది. ఈ లెక్కలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. కోర్లు పెరగని కోర్ 2 గెలిచింది, కోర్లు ఎక్కువున్న బుల్డోజర్ ఓడింది. విడుదలకు ముందు మన దగ్గరుండే సమాచారం కోర్ల సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్యే మనల్ని ఎక్కువసార్లు మోసం చేసింది.

కోర్లు ఎన్నని కాదు, ఎలాంటివని అడగండి

ఇప్పుడు అమ్ముతున్న వాటినే తీసుకుందాం. కోర్ అల్ట్రా 9 285కె లో 24 కోర్లు. వాటిలో 8 పెద్దవి (వేగమైనవి), 16 చిన్నవి (కరెంటు పొదుపు చేసేవి). ఒక్కో కోర్‌తో రెండు థ్రెడ్లు నడిపించే హైపర్‌థ్రెడింగ్ తీసేశారు కాబట్టి థ్రెడ్లు కూడా 24. రైజెన్ 9 9950ఎక్స్‌లో 16 కోర్లు, అన్నీ పెద్దవే, థ్రెడ్లు 32. కోర్లలో ఒకటిన్నర రెట్లు తేడా ఉన్నా రెండరింగ్ (త్రీడీ దృశ్యాలను చిత్రాలుగా మార్చే) పనుల్లో రెండూ ఇంచుమించు ఒకే వరుసలో ఉంటాయి. ఒకదాంట్లో ఇది ముందుంటే ఇంకోదాంట్లో అది.

నోవా లేక్‌కు చెబుతున్న 52 కూడా ఇలాంటి లెక్కే. లీకుల ప్రకారం 16 పెద్ద కోర్లు, 32 చిన్న కోర్లు, మరో 4 అతి తక్కువ కరెంటుతో నడిచేవి. ఇది నిజమే అనుకున్నా, "24 నుంచి 52, అంటే రెండింతల వేగం" అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ అమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇది. మీ పనిలో 90 శాతాన్ని ముక్కలు చేసి కోర్లకు పంచవచ్చు, మిగతా 10 శాతం ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి అనుకోండి. ఒక్క కోర్‌తో పోలిస్తే 8 కోర్లతో ఆ పని 4.7 రెట్లు త్వరగా అవుతుంది. 16 కోర్లతో 6.4 రెట్లు. 24తో 7.3. 52తో 8.5. కోర్లు వెయ్యి పెట్టినా పది రెట్లు దాటదు. ఎనిమిది నుంచి పదహారుకు వెళ్లినప్పుడు కనిపించిన లాభం, ఇరవై నాలుగు నుంచి యాభై రెండుకు వెళ్లినప్పుడు కనిపించదు. అదే పంచగలిగేది సగం పనే అయితే 8 కోర్లతో 1.78 రెట్లు, 16 కోర్లతో 1.88 రెట్లు. ఆ తేడా స్టాప్‌వాచ్ పెడితేనే తెలుస్తుంది.

పైగా ఇది అన్ని కోర్లూ ఒకేలా ఉంటాయని, మెమరీ ఎక్కడా అడ్డు రాదని అనుకుని వేసిన లెక్క. నిజంలో ఇంకా తగ్గుతుంది.

మీ పని ఏ కోవలోదో తెలుసుకోవడానికి ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, గ్రాఫ్‌ను లాజికల్ ప్రాసెసర్లుగా మార్చండి. ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో గడి కనిపిస్తుంది. ఇప్పుడు మీరు రోజూ విసుక్కునే పనిని మొదలుపెట్టి అలా చూస్తూ కూర్చోండి. గడులన్నీ నిండిపోతే మీకు ఎక్కువ కోర్లు పనికొస్తాయి. ఒకటి రెండు గడులు పైకి లేచి మిగతావి కింద పడుకుని ఉంటే మీకు కావలసింది వేగమైన కోర్. ఏవీ నిండకపోతే తప్పు ప్రాసెసర్‌ది కాదు.

మా బాబాయి కొడుకు వీడియో ఎడిటింగ్ చేస్తాడు. 24 కోర్ల చిప్ కోసం ఏడాదిన్నర ఆగాడు. "అన్నయ్యా, టైమ్‌లైన్ లాగుతుంటే సిస్టమ్ ఏడుస్తోంది" అని రోజూ ఒకటే గొడవ. ఒకసారి వెళ్లి పక్కన కూర్చున్నాను. గడులు చూస్తే ఒక్కటీ సగం దాటడం లేదు. ఎడమ వైపు మెమరీ 97 శాతం, డిస్క్ 100 శాతం. 16 జీబీ ర్యామ్ చాలక ప్రాజెక్ట్ మొత్తం డిస్క్ మీదికి పొర్లుతోంది. వాడి బోర్డులో రెండు స్లాట్లు ఖాళీగానే ఉన్నాయి. ఇంకో 16 జీబీ పెట్టాం, ఎడిటింగ్ ఫైళ్లను వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కి మార్చాం. ఆ ప్రాసెసర్ గురించి తర్వాత వాడు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడున్నవాటిలో ఎవరికి ఏది

గేమ్స్ ఆడటమే ప్రధానమైతే ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 7800ఎక్స్3డి గానీ, 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డి గానీ తీసుకోండి. రెండింట్లోనూ ఎనిమిదే కోర్లు. వాటి బలమంతా 96 ఎంబీ ఎల్3 క్యాష్‌లో ఉంది. గేమ్‌కు క్షణక్షణం కావలసిన డేటా ర్యామ్ దాకా వెళ్లకుండా ప్రాసెసర్ పక్కనే దొరుకుతుంది. 7800లో ఆ అదనపు క్యాష్ పొర కోర్ల నెత్తిన ఉండేది, వేడి బయటికి పోనిచ్చేది కాదు. 9800లో దాన్ని కోర్ల కిందికి మార్చారు. అందుకే గిగాహెర్ట్జ్ పెంచగలిగారు. కాకపోతే ఒక మాట. మీరు ఆడేది 4కె రిజల్యూషన్‌లో అయితే బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది, ప్రాసెసర్ల మధ్య తేడా చాలావరకు మాయమవుతుంది. ప్రాసెసర్ డబ్బులో కొంత గ్రాఫిక్స్ కార్డుకు మళ్లించడమే మేలు.

త్రీడీ రెండరింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం, వర్చువల్ మెషీన్లు నడపడం లాంటివి మీ పని అయితే 9950ఎక్స్, 285కె మధ్య చూసుకోవచ్చు. కోర్ అల్ట్రా 7 265కె కూడా మరిచిపోవద్దు. 8 పెద్దవి, 12 చిన్నవి కలిపి 20 కోర్లు. ధరకు తగ్గ పని చేసే చిప్ అదేనని నా అభిప్రాయం. కెమెరా నుంచి 4:2:2 హెచ్‌ఈవీసీ ఫుటేజ్ (రంగుల వివరం ఎక్కువుండే వీడియో) వస్తే ఇంటెల్ వైపు ఇంకో సౌకర్యం ఉంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే క్విక్ సింక్ అనే వీడియో విభాగంతో దాన్ని డీకోడ్ చేసేస్తుంది. టైమ్‌లైన్ మెత్తగా జరుగుతుంది. ఎడిటర్లకు ఇది పది కోర్లతో సమానం.

గేమ్సూ పనీ రెండూ ఉన్నవాళ్లకు 2025 మార్చిలో వచ్చిన 9950ఎక్స్3డి ఉంది. 16 కోర్లు, మొత్తం 128 ఎంబీ ఎల్3. అయితే ఆ అదనపు క్యాష్ రెండు చిప్లెట్లలో ఒకదానికే ఉంటుంది. గేమ్ ఆడేటప్పుడు రెండో చిప్లెట్‌ను పక్కన పడుకోబెట్టే పని విండోస్, చిప్‌సెట్ డ్రైవర్, గేమ్ బార్ కలిసి చేయాలి. వాటిలో ఒకటి పాతబడినా ఆట తడబడుతుంది. డ్రైవర్లతో కుస్తీ పట్టడం ఇష్టం లేనివాళ్లు గేమ్స్ చిప్ గానీ పని చిప్ గానీ ఏదో ఒకటి ఎంచుకోవడం నయం.

ఆఫీసు పని, బ్రౌజింగ్, చదువు, కాస్త కోడింగ్? ఆరు కోర్ల రైజెన్ 5 9600ఎక్స్ చాలు. ఎన్ని లీకులు వచ్చినా ఈ పనులకు ఇంతకంటే ఎక్కువ అవసరం ఇప్పట్లో రాదు.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14వ తరం పెద్ద చిప్‌లు కొనేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. ఎక్కువ వోల్టేజ్ వల్ల కొన్ని చిప్‌లు లోపల అరిగిపోయి గేమ్స్, ప్రోగ్రాములు క్రాష్ అవుతున్నట్టు తేలింది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంటెల్ మైక్రోకోడ్ (బయోస్ ద్వారా వచ్చే ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) దిద్దుబాట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ దిద్దుబాటు ఇకముందు జరగబోయే నష్టాన్ని ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. పాత యజమాని బయోస్‌ను ఎప్పుడు అప్‌డేట్ చేశాడో తెలియకపోతే దాని జోలికి వెళ్లకండి.

అసలు ఎంచుకోవలసింది మదర్‌బోర్డు

నా దృష్టిలో ఈ తర్జనభర్జన అంతా బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ దగ్గర తేలిపోతుంది. "ఇప్పుడు కొంటే వచ్చే ఏడాది మళ్లీ అంతా మార్చాలా?" అన్నదే కదా అసలు టెన్షన్.

ఇప్పటి రైజెన్ చిప్‌ల ఏఎం5 సాకెట్‌ను 2027 దాటి కూడా కొనసాగిస్తామని ఏఎండీ 2024లో చెప్పింది. 285కె కూర్చునే ఇంటెల్ ఎల్‌జీఏ 1851 సంగతి వేరు. నోవా లేక్‌కు కొత్త సాకెట్ తప్పదని లీకులన్నీ ఏకకంఠంతో అంటున్నాయి. ఇంటెల్ పాత అలవాటు తెలిసినవాళ్లకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. కాబట్టి ఈ రోజు 285కె కొంటే అది అలాగే పూర్తి సిస్టమ్ అనుకుని కొనాలి, తర్వాత ప్రాసెసర్ మార్చవచ్చన్న ఆశ పెట్టుకోకూడదు. ఐదారేళ్లు ముట్టుకోకుండా వాడేవాళ్లకు అది లోటే కాదు.

ఏఎం5 వైపు ఉంటే ఆగడం, కొనడం రెండూ ఒకేసారి చేయవచ్చు. మంచి బోర్డు, మంచి ర్యామ్, ఆరు కోర్ల చిన్న ప్రాసెసర్ ఇప్పుడు. కొత్త తరం వచ్చి, రివ్యూలు బాగుంటే అప్పుడు పెద్ద ప్రాసెసర్. బాగోకపోతే అప్పటికి ధర తగ్గిన పాత పెద్ద చిప్. ఏం జరిగినా మీ చేతిలో మార్గం ఉంటుంది. నన్ను అడిగిన పదిమందిలో ఏడుగురికి ఇదే చెబుతాను.

అలాగని కంపెనీ మాటను గుడ్డిగా నమ్మమని కాదు. ఏఎం5కు ముందున్న ఏఎం4 సాకెట్ చరిత్ర గుర్తుంచుకోండి. 2020 మేలో ఏఎండీ, 400 సిరీస్ బోర్డుల్లో జెన్ 3 పనిచేయదని ప్రకటించింది. బయోస్ చిప్‌లో చోటు చాలదన్నది ఒక కారణం. జనం గోల చేస్తే వెనక్కి తగ్గింది. 300 సిరీస్ బోర్డులకు ఆ భాగ్యం 2022లో గానీ కలగలేదు. అందుకే బోర్డు కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. బయోస్ చిప్ పెద్దదా అన్నది ఒకటి. కొన్ని కొత్త బోర్డుల్లో 64 ఎంబీ పెడుతున్నారు. రెండోది, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్. అది లేని బోర్డులో కొత్త ప్రాసెసర్ బిగించి, స్క్రీన్ రాక, బయోస్ మార్చడానికి పాత ప్రాసెసర్‌ను ఎవరినో అడిగి తెచ్చుకున్న రోజు నాకూ ఉంది.

ఏఎం5కు కొత్తగా వచ్చేవాళ్లకు ఇంకో మాట. మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగా ఉంటుంది. అది డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) మెమరీ ట్రైనింగ్, అంటే సిస్టమ్ ఆ ర్యామ్‌తో సర్దుబాటు చేసుకోవడం, కొన్ని నిమిషాలు పట్టవచ్చు. నేను ఆ సంగతి తెలియక మూడుసార్లు ప్లగ్ పీకాను, ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను, పెట్టిన ప్రతిసారీ ట్రైనింగ్ మొదటికి వచ్చింది. నాలుగోసారి విసిగిపోయి ఆఫ్ చేయకుండా లేచి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బయోస్ స్క్రీన్ వెలుగుతోంది. ర్యామ్ కూడా రెండు స్టిక్స్ మాత్రమే తీసుకోండి. నాలుగు పెడితే స్పీడు తగ్గించి నడపాల్సి వస్తుంది.

ఆగితే ఊరికే పోయేదేముంది?

చాలామంది ఇలా అనుకుంటారు, కానీ ఆగడానికీ ఖర్చు ఉంటుంది. ప్రాసెసర్ ధరలు కాలంతో తగ్గుతాయన్న నమ్మకంతో ఆగినవాళ్లకు 2025 చివర్లో ర్యామ్ దెబ్బ కొట్టింది. మెమరీ తయారీదారులు ఏఐ డేటా సెంటర్ల వైపు మొగ్గడంతో డీడీఆర్5 ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో చేసే వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ప్రాసెసర్ మీద మిగిల్చుకుందామనుకున్నది ర్యామ్ మీద పోయింది. డెస్క్‌టాప్ ఒక్క ప్రాసెసర్‌తో నడవదు కదా.

ఈ పరిస్థితిలో మూడో దారి ఒకటి మళ్లీ విలువైనదైంది. ఉన్న బోర్డులోనే, ఉన్న డీడీఆర్4 ర్యామ్‌తోనే ఇంకో మూడు నాలుగేళ్లు లాగడం. ఏఎం4 బోర్డులో పాత ఆరు కోర్ల చిప్ ఉంటే 5800ఎక్స్‌టీ లాంటి ఎనిమిది కోర్ల చిప్ పెట్టుకోవచ్చు. గేమ్స్ కోసమైతే 5700ఎక్స్3డి, 5800ఎక్స్3డి దొరికితే వదలకండి. నేను చేసింది అదే. 2017 నాటి రైజెన్ 5 1600 స్థానంలో 5800ఎక్స్3డి పెట్టాను. బోర్డు తయారీదారు సైట్‌లో మన మోడల్ సపోర్ట్ చేసే ప్రాసెసర్ల జాబితా ఉంటుంది, ముందు అది చూసుకుని, పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి. ఇంకో జాగ్రత్త, ఇది నా అనుభవం. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. థర్మల్ పేస్ట్ ఎండిపోతే కూలర్ లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని ఊడి వస్తుంది. కాసేపు ఏదైనా బరువైన పని నడిపి, వేడెక్కాక ఆఫ్ చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు లేపండి.

ఎవరు ఆగవచ్చు అంటే, విడుదల తేదీ అధికారికంగా వచ్చి, అది రెండు మూడు నెలల లోపే ఉండి, ఉన్న మెషీన్ పని జరుపుతుంటే హాయిగా ఆగండి. ఇప్పటికే 7950ఎక్స్, 14900కె స్థాయి చిప్ ఉన్నవాళ్లూ ఆగండి, ఈ తరానికి మారితే మీకు కనిపించేది తక్కువ. టాస్క్ మేనేజర్‌లో 32 గడులూ గంటలతరబడి నిండుగా ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే, నోవా లేక్ మీద ఆశ పెట్టుకోవడానికి నిజమైన హక్కు వాళ్లకే ఉంది.

మెషీన్ మొండికేసినవాళ్లు, కంప్యూటర్ మీదే సంపాదించేవాళ్లు ఆగకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కేమో ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 లేదా ఆ పైవే కావాలి. అంతకంటే పాతదాంతో విండోస్ నడుపుతున్నవాళ్లకు 52 కోర్ల కథలతో పనేముంది?

విడుదలయ్యాక మొదటి నెల

సరే, ఆగారు, కొత్త చిప్ వచ్చింది అనుకుందాం. మొదటి రోజే ఎగబడకండి. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డి చిప్‌లు సాకెట్‌తో సహా కాలిపోయాయి. ఆ తర్వాత ఏఎండీ ఎస్‌ఓసీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలు) వోల్టేజ్‌కు 1.3 వోల్టుల పరిమితి పెట్టింది. రైజెన్ 9000 వచ్చిన నెలలోనే విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి గేమ్స్ వేగం పెంచింది, అంటే మొదటి రివ్యూల అంకెలు అప్పుడే పాతబడ్డాయి. కోర్ అల్ట్రా 200ఎస్‌కు కూడా విడుదలైన రెండు మూడు నెలల వరకు దిద్దుబాట్లు వస్తూనే ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు మన తరఫున పరీక్ష రాసిపెడతారు, రాయనివ్వండి.

నెల తర్వాత రివ్యూలు తెరిస్తే నేను ముందు సగటు ఫ్రేమ్ రేట్ చూడను. కింద చిన్నగా ఉండే '1% low' అంకె, అంటే అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం చూస్తాను, ఆటలో కుదుపు అక్కడే తెలుస్తుంది. తర్వాత నేను వాడే సాఫ్ట్‌వేర్ పేరు ఆ జాబితాలో ఉందా అని వెతుకుతాను. లేకపోతే ఆ రివ్యూ నాకు సరదా చదువు మాత్రమే. ఆ తర్వాత పూర్తి లోడ్ మీద ఎన్ని వాట్లు లాగుతోందో చూస్తాను. 14900కె అధికారిక గరిష్ఠ పరిమితే 253 వాట్లు. అలాంటి చిప్‌కు పెద్ద కూలర్, దానికి తగ్గ క్యాబినెట్, బలమైన పవర్ సప్లై కావాలి. వీటి ధరలు ప్రాసెసర్ పెట్టె మీద రాసి ఉండవు.

అప్పుడు పాత తరం చిప్ ధర ఎంతకు దిగిందో కూడా చూస్తాను. 5800ఎక్స్3డి నా దగ్గరికి వచ్చింది అలాగే, దాని తర్వాతి తరం బయటికి వచ్చి, అందరూ దానివైపు చూస్తున్నప్పుడు.